మన రోడ్డు కింద ఏముంది? తిరుపతి, చిత్తూరు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో ఒక సాయిల్ ల్యాబ్‌లో చాలా ఏళ్లు మట్టి, కంకర, తారు పరీక్షించాను. పెళ్లికి వెళ్లినా, టీ అంగడి దగ్గర నిలబడినా ఎవరో ఒకరు రోడ్ల గురించి అడుగుతారు. సగం ప్రశ్నలు తిట్లే. మిగతా సగానికి జవాబులు ఒకచోట రాసి పెడితే ప్రతిసారీ మొదటి నుంచి చెప్పే పని తప్పుతుందని ఇది మొదలుపెట్టాను.

రోడ్ల మీద పరిశోధన చేయడానికి ప్రభుత్వానికి ఒక సంస్థ ఉందా? ఎప్పుడూ వినలేదే?

ఉంది. ఢిల్లీలో మథురా రోడ్డు మీద సెంట్రల్ రోడ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్, పొట్టిగా సీఆర్‌ఆర్‌ఐ. 1952లో మొదలైంది. కేంద్ర ప్రభుత్వ శాస్త్ర పరిశోధన మండలి సీఎస్ఐఆర్ కింద ఉన్న జాతీయ ప్రయోగశాలల్లో ఇదొకటి.

దీన్ని, ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్‌ను చాలామంది ఒకటే అనుకుంటారు. ఐఆర్‌సీ అంతకన్నా పాతది. రోడ్ల అభివృద్ధి మీద వేసిన జయకర్ కమిటీ సిఫారసుతో 1934 డిసెంబరులో ఏర్పడింది. పేరులో కాంగ్రెస్ ఉందని రాజకీయం అనుకోకండి, అది రోడ్డు ఇంజనీర్ల సంఘం. సీఆర్‌ఆర్‌ఐ లాంటి చోట్ల, ఐఐటీల్లో తేలిన విషయాలను కూర్చి నియమాల పుస్తకాలుగా అచ్చు వేసేది ఈ ఐఆర్‌సీనే. రోడ్డు ఎంత మందం ఉండాలో ఐఆర్‌సీ 37 చెబుతుంది. సిమెంటు రోడ్డుకు 58, బోర్డులకు 67, స్పీడ్ బ్రేకర్‌కు 99. ఇంజనీర్లు పుస్తకం పేరు చెప్పరు, నంబరు చెబుతారు. "థర్టీసెవెన్ చూశావా?" అంటే అర్థం ఇదే.

రైళ్లకు లక్నోలో ఆర్‌డీఎస్‌ఓ అనే పరిశోధన సంస్థ ఉంది. దాని సంగతి కిందికి వెళ్లాక చెబుతా.

ఢిల్లీలో కూర్చుని చేసే పరిశోధన మా చంద్రగిరి పక్క పల్లె రోడ్డుకు ఎట్లా పనికొస్తుంది?

ఇది నాకు ఇష్టమైన ప్రశ్న. ఎందుకంటే నా చేతులు ఈ పని మీదే అరిగాయి.

రోడ్డు వేసే ముందు ఆ చోటి మట్టి సంచిలో ల్యాబ్‌కి వస్తుంది. దాన్ని తగినంత తడి చేసి, ఇనుప అచ్చులో పొరలు పొరలుగా పోసి దిమ్మిసతో కొడతాం. ఆ అచ్చును నాలుగు రోజులు నీళ్లలో నానబెడతాం. ఎందుకు నానబెట్టాలంటే, మన నవంబరు వానలకు రోడ్డు కింది మట్టి అట్లాగే నానుతుంది కాబట్టి. ఐదో రోజు అచ్చు బయటికి తీసి, 50 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఉక్కు కడ్డీని మట్టిలోకి నిమిషానికి 1.25 మిల్లీమీటర్ల చొప్పున దింపుతాం. 2.5 మిల్లీమీటర్లు దిగడానికి ఎంత బరువు పట్టిందో డయల్ మీద చదువుతాం. గట్టి కంకరకు అక్కడ 1370 కిలోలు పడుతుంది. మీ మట్టికి 110 కిలోలే పట్టిందనుకోండి, 110ని 1370తో భాగిస్తే 8 శాతం. అదే ఆ మట్టి సీబీఆర్, కాలిఫోర్నియా బేరింగ్ రేషియో, అంటే మట్టి బలం చెప్పే అంకె.

సీబీఆర్‌లో మొదటి అక్షరం కాలిఫోర్నియా. అక్కడి రాష్ట్ర హైవేల శాఖ 1920ల చివర్లో ఈ పరీక్ష తయారు చేసుకుంది. తొందరగా పాడైన తమ రోడ్లను తవ్వి చూసి, కింది మట్టికీ పైన వేయాల్సిన మందానికీ లెక్క కట్టారు. ఒక రాష్ట్ర రోడ్ల శాఖ తన అవసరానికి కనిపెట్టిన పరీక్ష ఇవాళ చిత్తూరు జిల్లాలో ప్రతి టెండరు కాగితంలోనూ ఉంది. ప్రభుత్వ శాఖలు పరిశోధన చేయవు అనేవాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే.

ఈ ఒక్క అంకె ఎంత తేడా తెస్తుందో చూడండి. ఐఆర్‌సీ 37 పుస్తకం 2001 నాటి ముద్రణలో ఒక మోస్తరు లారీల రద్దీకి, అంటే కోటి ప్రామాణిక ఇరుసులు (ఒక్కోటి సుమారు 8 టన్నుల బరువుతో) తిరిగే రోడ్డుకు, సీబీఆర్ 2 ఉంటే మొత్తం మందం 850 మిల్లీమీటర్లు. సీబీఆర్ 10 ఉంటే 540 సరిపోతుంది. అంటే ఒక అడుగు తేడా. కిలోమీటరు పొడవునా ఒక అడుగు మందం కంకర అంటే ఎన్ని టిప్పర్లో మీరే లెక్క వేసుకోండి. నాలుగు రోజులు నానబెట్టాల్సిన మట్టిని రెండు రోజులకే తీసి పరీక్ష చేస్తే అంకె పెరుగుతుంది, మందం తగ్గుతుంది, రెండో వానాకాలానికి రోడ్డు కుంగుతుంది. "కొంచెం తొందరగా రిపోర్టు ఇవ్వండి సార్" అని వచ్చినవాళ్లకు నేను టీ ఇప్పించి పంపేవాణ్ణి, రిపోర్టు మాత్రం ఐదో రోజే.

గ్రానైట్ లారీలు, మామిడి లోడ్లు తిరిగే రోడ్లు ఎందుకంత తొందరగా పోతాయి? లారీ కొంచెం ఎక్కువ బరువేస్తే ఏమవుతుంది?

కొంచెం అనే మాట దగ్గరే తప్పు ఉంది.

అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఒట్టావా దగ్గర 1958 నుంచి 1960 దాకా ఒక పెద్ద ప్రయోగం జరిగింది. అక్కడి రాష్ట్రాల రోడ్ల శాఖల సంఘం చేయించింది. రకరకాల మందాలతో గుండ్రంగా రోడ్లు వేసి, సైనికులతో ఒక్కో వరుసలో ఒక్కో బరువు లారీలను రెండేళ్లు అదేపనిగా తిప్పించారు. చివరికి తేలింది ఇది: రోడ్డుకు జరిగే నష్టం బరువుతో సమానంగా పెరగదు, దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. అంటే ఇరుసు మీద బరువు రెట్టింపు అయితే నష్టం రెండింతలు కాదు, 2ని నాలుగు సార్లు గుణించి 16 ఇంతలు.

మన ఐఆర్‌సీ పుస్తకాలు కూడా ఈ లెక్క మీదే నడుస్తాయి. ప్రామాణిక ఇరుసు 80 కిలోన్యూటన్లు, అంటే సుమారు 8.16 టన్నులు. ఒక చిన్న కారు ఇరుసు మీద 0.6 టన్ను ఉంటుందనుకుంటే, ఒక ప్రామాణిక లారీ ఇరుసు ఒక్కసారి చేసే నష్టానికి ఆ కారు ఇరుసు ముప్పై వేలసార్లకు పైగా పోవాలి. కార్ల వల్ల రోడ్డు పాడవదు. మీ స్కూటరు సంగతి అడగనే అక్కర్లేదు.

ఇంకో సంగతి. 2018 జూలైలో కేంద్రం లారీల ఇరుసు బరువు పరిమితి పెంచింది. నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు అంతకుముందు 10.2 టన్నులు ఉండేది, 11.5 అయింది. పెరిగింది పన్నెండు, పదమూడు శాతమే. నాలుగో ఘాతం వేసి చూడండి, నష్టం 60 శాతం పైగా పెరుగుతుంది. రవాణా ఖర్చు తగ్గుతుందని పెంచారు, అది నిజమే. కానీ ఆ ఖర్చు ఎక్కడికీ పోలేదు, లారీ యజమాని లెక్కల్లోంచి రోడ్డు లెక్కల్లోకి మారింది. ఇది నా అభిప్రాయం, పుస్తకంలో లేదు.

మామిడి సీజన్లో తోతాపురి లోడుతో గుజ్జు ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్లు రాత్రంతా వరుస కట్టి నిలబడతాయి కదా, అది మరీ అన్యాయం. కదిలే బండి కన్నా నిలబడ్డ బండి తారుకు ఎక్కువ చేటు. ఎండకు మెత్తబడ్డ తారు మీద బరువు ఎంతసేపు ఉంటే అంత పల్లం పడుతుంది. ఫ్యాక్టరీ గేటు ముందు, సిగ్నళ్ల దగ్గర, బస్‌స్టాప్ దగ్గర టైర్ల గాడులు పడేది అందుకే. అట్లాంటి చోట సిమెంటు రోడ్డు వేయడం మేలు.

ప్రతి నవంబరులోనూ గుంతలే. తారు నాసిరకమా?

తారును తిట్టే ముందు పక్క కాలువ చూడండి. మన వైపు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవి. రెండు రోజులు విడవకుండా కురిస్తే నీళ్లు పోయే దారి లేక రోడ్డు మీదే నిలుస్తాయి. తారుకీ కంకరకీ మధ్య పట్టును నీళ్లు వదిలిస్తాయి. పైగా ఆ నీళ్ల మీద టైరు పోయినప్పుడల్లా పగుళ్లలోకి పంపుతో కొట్టినట్టు నీళ్లు దూరతాయి. ఒక చిన్న బొచ్చె మూడు రోజుల్లో బకెట్ గుంత అవుతుంది.

రోడ్డు మధ్యలో ఎత్తుగా, రెండు పక్కలకు వాలుగా ఉండాలి. తారు రోడ్డుకు ఆ వాలు సుమారు 2.5 శాతం. ఏడు మీటర్ల రోడ్డయితే మధ్యభాగం అంచు కన్నా దాదాపు 9 సెంటీమీటర్లు ఎత్తు. మీ వీధిలో ఒక బిందెడు నీళ్లు రోడ్డు మధ్యలో పోసి చూడండి. అంచుకు పోకపోతే మిగతా లెక్కలన్నీ వ్యర్థం. చాలా వీధుల్లో నీళ్లు అంచుకు పోతాయి కానీ అక్కడ ఆగిపోతాయి, ఎందుకంటే కాలువ రోడ్డు కన్నా ఎత్తులో ఉంటుంది. పాత రోడ్డు గీకకుండా పైపైన పొర మీద పొర వేస్తూ పోతే ఇంటి గడపలు పల్లంలోకి పోతాయి. అది ఇంకో తలనొప్పి.

గుంత పూడ్చడానికీ ఒక పద్ధతి ఉంది. అంచులు నిలువుగా చతురస్రంగా కోసి, దుమ్ము ఊది, పలచగా తారు పూసి, ఆ తర్వాతే మిశ్రమం వేసి రోలర్ తిప్పాలి. మన దగ్గర చూసేది పారతో వేసి పారతో తట్టడం. వచ్చే లారీ రోల్ చేస్తుందిలే అని వదిలేస్తారు.

రోడ్డు ఎగుడుదిగుడును కొలిచే యంత్రం కూడా సీఆర్‌ఆర్‌ఐ తయారు చేసింది. జీపు వెనక ఒక చక్రం కట్టి గంటకు 32 కిలోమీటర్ల వేగంతో లాగుతారు. ఆ చక్రం కిలోమీటరులో మొత్తం ఎన్ని మిల్లీమీటర్లు పైకీ కిందికీ ఎగిరిందో లెక్క వస్తుంది. మంచి తారు రోడ్డయితే 2000 లోపు. 3000 దాటితే బాగాలేదని అర్థం. మీ నడుము చెప్పేదీ అదే, కాకపోతే అంకె చెప్పదు. గతుకుల రోడ్డు మీద డీజిల్, టైర్లు, మరమ్మతులు ఎంత ఎక్కువ అవుతాయో కూడా ఇదే సంస్థ 1982లో ముగిసిన ఒక పెద్ద అధ్యయనంలో మన వాహనాల మీద, మన రోడ్ల మీద కొలిచి చెప్పింది.

ప్లాస్టిక్ రోడ్లు నిజమేనా, ప్రచారమా?

నిజమే. మదురై త్యాగరాజర్ ఇంజనీరింగ్ కాలేజీ ప్రొఫెసర్ రాజగోపాలన్ వాసుదేవన్ చేసిన పని ఇది. ఆయనకు 2018లో పద్మశ్రీ వచ్చింది. వేడి కంకర మీద ముక్కలు చేసిన పాత ప్లాస్టిక్ వేస్తే అది కరిగి రాయికి పూతలా పట్టుకుంటుంది, ఆ మీద తారు కలుపుతారు. తారు బరువులో సుమారు 6 నుంచి 8 శాతం వరకు ప్లాస్టిక్ వాడతారు. నీళ్లకు పట్టు వదలడం తగ్గుతుంది. ఐఆర్‌సీ దీనికి 2013లో ప్రత్యేక పుస్తకమే వేసింది. ప్లాస్టిక్ వేశారు కదా అని కాలువ తవ్వకపోతే మాత్రం మళ్లీ గుంతలే.

తిరుమల ఘాట్‌లో పైకి 28 నిమిషాలు, కిందికి 40 నిమిషాలు అంటారు. దిగేటప్పుడే ఎందుకు ఎక్కువ? దిగడం తేలిక కదా?

ఎక్కడం ఇంజనుకు కష్టం. దిగడం బ్రేకుకు కష్టం. ఇంజను కష్టపడితే బండి ఆగుతుంది. బ్రేకు కష్టపడితే బండి ఆగదు.

తిరుపతికీ తిరుమలకూ మధ్య ఎత్తు తేడా 700, 800 మీటర్ల మధ్య ఉంటుంది, లెక్కకు 800 అనుకుందాం. 13 టన్నుల బస్సు అంత ఎత్తు నుంచి దిగిందంటే వదిలించుకోవాల్సిన శక్తి లెక్క కడితే 28 యూనిట్ల కరెంటుతో సమానం. నీళ్లు కాచే ఒక కిలోవాట్ హీటరు 28 గంటలు వెలిగితే ఎంత వేడి వస్తుందో అంత. అందులో కొంత టైర్లు, గాలి తినేస్తాయి. మిగతాది డ్రైవరు గేరు తగ్గించి ఇంజను మీద వేయాలి, లేదంటే బ్రేకుల మీద పడుతుంది. బ్రేకు మరీ కాలితే పట్టు జారుతుంది. కిందికి దిగేటప్పుడు న్యూట్రల్‌లో వేసి పెట్రోలు మిగిలిందని సంబరపడే కుర్రాళ్లకు ఈ పేరా చదివి వినిపించండి.

కిందికి వచ్చేది పాత రోడ్డు, 1944లో తెరిచింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య రూపకల్పన అని చెబుతారు. 36 హెయిర్‌పిన్ మలుపులు. పైకి వెళ్లేది 1974లో వచ్చిన రెండో రోడ్డు, దానికి అట్లాంటి మలుపులు చాలా తక్కువ. పద్దెనిమిది, పంతొమ్మిది కిలోమీటర్ల దూరానికి 40 నిమిషాలంటే సగటున గంటకు 28 కిలోమీటర్లు. కొండ రోడ్ల ఐఆర్‌సీ పుస్తకంలో హెయిర్‌పిన్ మలుపు లోపలి అంచుకు కనీస వ్యాసార్థం 14 మీటర్లు, కనీస డిజైను వేగం 20 కిలోమీటర్లు. అట్లాంటి మలుపులు 36 ఉన్న రోడ్డు మీద సగటు 28 అంటే పిసినారితనం కాదు, మర్యాదైన లెక్క. కింద టోల్‌గేట్ దగ్గర ముందే వచ్చారని పక్కన ఆపితే విసుక్కోకండి. దారిలో కెమెరా చూసి మాత్రమే వేగం తగ్గించే అలవాటుకు ఈ టైము పద్ధతే మందు.

ఇంకో మాట. 800 మీటర్ల ఎత్తును 18 కిలోమీటర్లలో ఎక్కితే సగటు వాలు 4.4 శాతం. కొండ ప్రాంతాల్లో మామూలుగా వాడదగ్గ వాలు 5 శాతం, అంటే 20కి 1 అని పుస్తకం చెబుతుంది.

ఎలక్ట్రిక్ బస్సులకు ఇక్కడ ఉన్న లాభం కూడా ఇదే. 2022 సెప్టెంబరు 27న తిరుపతిలో ఏపీఎస్‌ఆర్‌టీసీ బ్యాటరీ బస్సులు మొదలయ్యాయి. మంజూరైన 100లో 50 ఘాట్‌కే. దిగేటప్పుడు వాటి మోటారు తిరగబడి జనరేటరులా పనిచేస్తుంది. డీజిల్ బస్సు వేడిగా పారబోసే ఆ 28 యూనిట్లలో కొంత భాగం బ్యాటరీలోకి తిరిగి వస్తుంది. అంతా రాదు, నష్టాలుంటాయి. అయినా బ్రేకు లైనర్లు మిగలడమే పెద్ద లాభం.

ఘాట్‌లో బండలు ఎందుకు పడతాయి?

పైకి వెళ్తూ మలుపుల్లో కొండ కోతను ఒకసారి నిదానంగా చూడండి. కింద గ్రానైట్, దాని మీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైట్ రాయి. రెండింటి మధ్య కోట్ల సంవత్సరాల కాలం తప్పిపోయింది. భూగర్భ శాస్త్రజ్ఞులు దాన్ని ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు. జియలాజికల్ సర్వే దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించింది. ప్రపంచం నలుమూలల నుంచి భూగర్భ శాస్త్రం చదివేవాళ్లు చూడాలనుకునే గీత అది. మనం దాని పక్కన వాంతి కవరు పట్టుకుని కళ్లు మూసుకుని పోతాం.

క్వార్ట్‌జైట్ గట్టిదే కానీ ఇటుకల గోడలా నిలువు, అడ్డం పగుళ్లతో ఉంటుంది. వాననీళ్లు ఆ పగుళ్లలో దిగుతాయి, చెట్ల వేళ్లు దూరతాయి, మట్టి జారుతుంది. ఏదో ఒకరోజు ఒక ఇటుక ఊడుతుంది. ఆ ఇటుక లారీ అంత ఉంటుంది. 2021 నవంబరు వరద వానల తర్వాత డిసెంబరు 1న రెండో ఘాట్‌లో పెద్ద బండలు పడి రోడ్డు దెబ్బతింది. ఐఐటీ నిపుణులు వచ్చి చూశారు. పద్ధతులు తెలిసినవే: వదులు రాళ్లు ముందే దించేయడం, ఉక్కు వలలు కట్టడం, రాయిలోకి ఇనుప బోల్టులు దింపడం, అన్నిటికన్నా ముఖ్యం నీళ్లు బయటికి పోయే దారి చేయడం.

మా వీధిలో స్పీడ్ బ్రేకర్ మా వాళ్లే వేసుకున్నాం. తప్పా?

తప్పే. అంతేకాదు, ప్రమాదం.

మా వీధిలో కూడా ఒకటి ఉండేది. ఒక పాప సైకిల్ మీద పడిందని కుర్రాళ్లు రాత్రికి రాత్రి మిగిలిన కాంక్రీటుతో కట్ట వేశారు. జానెడు వెడల్పు, అరచేయి నిలువు ఎత్తు. తెల్లారేసరికి పాలు పోసే పెద్దాయన మోపెడ్ దాని మీద ఎగిరి, క్యాన్లు ఒకవైపు, ఆయన ఒకవైపు. చేయి విరిగింది. రంగు లేదు, బోర్డు లేదు. నేను ఆ ముందు సాయంత్రమే ఆ సిమెంటు చూశాను, ఏమీ అనలేదు. పని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే కదా ఆ వీధిలో.

ఐఆర్‌సీ 99 లెక్క ఇట్లా ఉంటుంది: గుండ్రటి బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. మళ్లీ చదవండి, వెడల్పు 3.7 మీటర్లు, అంటే పన్నెండు అడుగులు. ఒక కారు పొడవుకు దగ్గరగా. అట్లాంటి దాని మీద గంటకు 25 కిలోమీటర్లతో పోతే ఊగినట్టు ఉంటుంది, ఎగరదు. ఇంకా వేగంగా పోతేనే ఇబ్బంది. మనం వేసేవి 25తో పోయేవాణ్ణి కూడా దండిస్తాయి. అంబులెన్సులో ఉన్నవాడి వెన్నెముకనూ దండిస్తాయి. జాతీయ, రాష్ట్ర రహదారుల మీద మామూలుగా అసలు వేయకూడదు. ఊరి రోడ్డు మీద కావాలంటే పంచాయతీ లేదా మున్సిపాలిటీకి రాసివ్వండి. ముందు హెచ్చరిక బోర్డు, దాని మీద చారల రంగు కూడా కావాలని అదే కాగితంలో రాయండి.

బ్లాక్ స్పాట్ అని ఏ లెక్కన అంటారు?

కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం జాతీయ రహదారిపై సుమారు 500 మీటర్ల ముక్కలో గత మూడేళ్లలో చావులు గానీ తీవ్రగాయాలు గానీ జరిగిన ప్రమాదాలు 5 ఉన్నా, లేక 10 మంది చనిపోయినా అది బ్లాక్ స్పాట్. ఇప్పుడు పోలీసులు ప్రమాద స్థలంలోనే ఫోనులో వివరాలు, ఫొటోలు ఎక్కించే ఐరాడ్ అనే పద్ధతి ఉంది, ఐఐటీ మద్రాసు తయారు చేసింది. అంతకుముందు ఎఫ్‌ఐఆర్‌లో "మొగిలి ఘాట్ దగ్గర" అని రాస్తే ఏ మలుపో ఎవరికి తెలుస్తుంది? మలుపు తెలియకుండా వాలు సరిచేయలేం.

రైళ్ల టకటక శబ్దం ఎందుకు పోయింది? ఎండాకాలంలో పట్టాలు పొడవవుతాయి అని చదువుకున్నాం కదా?

చదువుకున్నది నిజమే. కిలోమీటరు పట్టాను విడిగా వదిలేసి 40 డిగ్రీలు వేడి చేస్తే 46 సెంటీమీటర్లు పొడుగవుతుంది. అందుకే పూర్వం 13 మీటర్ల పట్టాల మధ్య సందులు వదిలేవాళ్లు. టకటక ఆ సందులదే. రేణిగుంట జంక్షన్ పక్కన పెరిగిన మాకు అది జోలపాట.

ఇప్పుడు పట్టాలను కిలోమీటర్ల పొడవున వెల్డింగ్ చేసేస్తారు. పొడుగు అవ్వాలని చూస్తుంది, కానీ కాంక్రీటు స్లీపర్లు, క్లిప్పులు, చుట్టూ నింపిన కంకర దాన్ని కదలనివ్వవు. కదలలేక లోపల ఒత్తిడి పెరుగుతుంది. 60 కిలోల రకం పట్టాకు ఒక్కో డిగ్రీకి దాదాపు 1.9 టన్నులు. 30 డిగ్రీలు పెరిగితే 56 టన్నుల పైమాట. ఆ ఒత్తిడి ఎండలోనూ చలిలోనూ భరించదగ్గ హద్దులో ఉండేట్టు, ఒక మధ్యస్థ ఉష్ణోగ్రత ఎంచి ఆ వేడి దగ్గర పట్టాను బిగిస్తారు. ఈ లెక్కలు, స్లీపరు డిజైన్లు అన్నీ ఆర్‌డీఎస్‌ఓ పని. 1957లో రెండు పాత సంస్థలను కలిపి దీన్ని పెట్టారు. మే నెల మధ్యాహ్నం పట్టా వేడి ఆ ఉష్ణోగ్రత కన్నా 20 డిగ్రీలు దాటితే ట్రాక్‌మన్ ఎండలో పట్టా వెంట నడిచి చూడాలి. మనం ఏసీలో కూర్చుని టకటక లేదే అనుకునేటప్పుడు బయట ఒకడు గొడుగు లేకుండా నడుస్తుంటాడు.

కవచ్ అంటే ఏమిటి?

డ్రైవరు ఎర్ర సిగ్నలు దాటబోతే, లేదా వేగం మించితే బండి తనంతట తానే బ్రేకు వేసుకునే పద్ధతి. పట్టాల మధ్య బిగించిన ట్యాగులు బండి ఎక్కడుందో చెబుతాయి, రేడియో ద్వారా స్టేషనుతో మాటలు నడుస్తాయి. ఆర్‌డీఎస్‌ఓ దేశీ కంపెనీలతో కలిసి చేసింది. ప్యాసింజరు రైళ్ల మీద మొదటి పరీక్షలు 2016లో మన దక్షిణ మధ్య రైల్వేలోనే, లింగంపల్లి, వికారాబాద్, వాడి వైపు జరిగాయి. 2020లో దేశమంతటికీ ఇదే పద్ధతి అని నిర్ణయించారు.

ఉక్కు కర్మాగారంలో మిగిలిపోయే చిట్టెంతో రోడ్డు వేశారట, మనకెందుకు వేయరు?

సూరత్‌లో హజీరా దగ్గర సీఆర్‌ఆర్‌ఐ పద్ధతితో 2022లో వేశారు. అక్కడ పక్కనే ఉక్కు కర్మాగారం ఉంది. మనకు చిట్టెం విశాఖ నుంచి తేవాలి, లారీ బాడుగే కంకర ధర దాటుతుంది. పైగా ఆ లారీలు చేసే నష్టం ఇందాక లెక్క వేశాం. మన దగ్గర గుట్టలుగా పడి ఉన్నది గ్రానైట్ క్వారీల వృథా రాయి. దాన్ని ఎక్కడెక్కడ వాడొచ్చో తేల్చడం మన కాలేజీల పని. ఎస్వీయూ ఇంజనీరింగ్ కాలేజీ 1959 నుంచి ఉంది, ఏర్పేడులో ఐఐటీ ఉంది. ప్రాజెక్టు కోసం విషయం వెతుక్కునే పిల్లలు విదేశీ పేపర్లు తిరగేసే ముందు ఒకసారి క్వారీకి వెళ్లి రావచ్చు.

మా ఊరి రోడ్డు పరీక్షల రిపోర్టు మాకు ఇస్తారా?

ఇవ్వాలి. సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయంలో ఫీజు లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. ముప్పై రోజుల్లో జవాబు రావాలి.

ఏం అడగాలో తెలియక "రోడ్డు ఎందుకు పాడైంది" అని అడుగుతారు. దానికి జవాబు రాదు, అభిప్రాయం అడిగితే ఇవ్వక్కర్లేదు. కాగితాలు అడగండి: మట్టి సీబీఆర్ రిపోర్టు, తారు మిశ్రమం డిజైన్ రిపోర్టు, కోర్ కటింగ్ ఫలితాలు, ఎంబుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) నకలు. కోర్ అంటే రోడ్డులోంచి గుండ్రంగా కోసి తీసిన ముక్క. దాన్ని స్కేలు పెట్టి కొలిస్తే మందం తెలుస్తుంది. ఎంబుక్‌లో రాసిన మందం, కోర్‌లో తేలిన మందం పక్కపక్కన పెట్టుకుంటే ఇక ఇంజనీరింగ్ చదవక్కర్లేదు.

ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్డయితే పక్కన బోర్డు ఉంటుంది. వేసిన తర్వాత ఐదేళ్లు మరమ్మతులు కాంట్రాక్టరువే. బోర్డు మీద తేదీ చూడండి, మేరీ సడక్ యాప్‌లో ఫొటో పెట్టండి. జాతీయ రహదారి అయితే 1033కి ఫోన్ చేయండి.

మా పొలం దారి మట్టి తెస్తే పరీక్ష చేస్తారా?

ఇంజనీరింగ్ కాలేజీల ల్యాబుల్లో ఫీజు కట్టించుకుని చేస్తారు. నేను ఇప్పుడు చేయను, మోకాళ్లు సహకరించడం లేదు. ఎవరి దగ్గరికి తీసుకెళ్లినా పైన అడుగు మట్టి పక్కకు లాగేసి, కింది నుంచి తవ్వండి. వేళ్లు, చెత్త రానీయకండి. రెండు గోనె సంచులు నిండా కావాలి, అన్నం క్యారియర్లో తెస్తే చాలదు. సంచి మీద ఊరి పేరు, ఎన్ని అడుగుల లోతులో తీశారో, తేదీ మార్కరుతో రాయండి. చీటీ లోపల వేస్తే తడికి చివికిపోతుంది. మా ల్యాబు మూలలో పేరు లేని సంచులు పదకొండు ఉండేవి. వాటిలో ఒకటి ఎవరో ఎమ్మెల్యే గారి ఊరిదని చెప్పుకునేవాళ్లు, ఏదో ఎవరికీ తెలియదు.